రానీ... రానీ...

పదకొండేళ్లు నేను బండికి వెనక కళ్లు.
షీలానగర్ గోడౌన్ల సందుల్లో, పోర్టు గేటు ముందు,
ఇనప ధూళి ఎర్రగా కరిగిపారే వానల్లో
టెయిల్ లైటు పక్కన నిలబడి
"రానీ... రానీ... లెఫ్టు కొట్టు... రానీ" అంటూ
డాలా మీద అరచేత్తో దరువేసినవాణ్ణి.
ఒక దెబ్బకి రమ్మని.
రెండు దెబ్బలకి ఆగమని.
దాలినాయుడు అద్దం చూసేవాడు కాదు,
నా చేతిని వినేవాడు.

ఇప్పుడు స్టీరింగు నాది.
క్లీనరు సీట్లో దాలినాయుడు.
మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒకటి టూలు బాక్సు మీద, ఒకటి గాల్లో.

పోయినేడు లైసెన్సు కొత్తది చేయించబోతే
కంటి డాక్టరు రంగు చుక్కల్లో అంకె చెప్పమంది.
"సుక్కలేనమ్మా" అన్నాడట.
ముప్పయ్యేళ్లు
పైన వెలిగితే ఆగాడు, కింద వెలిగితే కదిలాడు.
ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఆదివారాలు ఆటోనగర్ చివర
స్క్రాపు కొట్ల వెనక ఖాళీ జాగా.
నాలుగు పాత టైర్లు నిలబెట్టి
వాటి మధ్యకి వెనక్కి పెట్టమనేవాడు.
మొదటి వారం రెండు పడ్డాయి.
రెండో వారం నాలుగూ.
"ఎదుగుతన్నావురా."

"గేరు లాగీకు, అడుగు. అదే ఇస్తాది."
"ఖాళీ బండి అబద్ధం సెప్తాది,
ఇరవై టన్నులెక్కినాకే నిజం మాటాడతాది.
బ్రేకు నువ్వు తొక్కిన కాడ ఆగదు,
సరుకు ఒప్పుకున్న కాడ ఆగుతాది."

రాత్రులు కనకరత్నం
రొయ్యల కంపెనీలో మంచుకి మొద్దుబారిన వేళ్లతో
ఫోనులో రోడ్డు బొమ్మలు జరుపుతూ అడిగేది.
"ఎర్ర గుండ్రంలో లారీ మీద గీత?"
"లారీలు రాకూడదు."
"మూడు మూలల్లో దొర్లే రాళ్లు?"
"అరకు ఘాటు."
"జవాబు అది కాదు."
"అదే."

పరీక్ష రోజు ఒకటే ఉక్క.
సముద్రం ఉన్న ఊరిలా లేదు.
ఇన్‌స్పెక్టరు నాకంటే చిన్నవాడు.
"కింద నుంచి ఎవరూ చెయ్యి ఊపకూడదు,
అరవకూడదు. అరిస్తే ఫెయిలే."
దాలినాయుడు కంచె అవతలకి పోయి
రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు,
వాటి మీద నమ్మకం లేనట్టు.

ఎనిమిది తిరిగాను.
ఎత్తు మీద ఆపాను. హ్యాండ్ బ్రేకు, సగం క్లచ్చు.
బండి ఊపిరి బిగబట్టింది.
బెత్తెడు వెనక్కి జారిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

అప్పుడు రివర్సు.
అద్దంలో పసుపు గీత, ఎండ, నిద్రపోతున్న కుక్క.
వెనక ఎవరూ లేరు.
పదకొండేళ్లు ఆ ఖాళీలో నిలబడ్డది నేనే కదా,
బండికీ గోడకీ మధ్య మూరెడు చోట,
ఆయన వింటాడని.
ఒక్కసారి వినకపోయి ఉంటే!
ఇన్నాళ్లూ రాని ఆ ఆలోచన
సరిగ్గా అక్కడే వచ్చింది.
బ్రేకు మీద పాదం చల్లబడింది.

కిటికీలోంచి కొంచెం వంగి
నాకు మాత్రమే వినపడేట్టు
"రానీ... రానీ..." అనుకున్నాను.
తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి
ఆపాను.

"ఎవరికయ్యా ఆ దెబ్బలు?"
"అలవాటు సార్."
కాగితం మీద ఏదో గీకి
తర్వాతి బండిని రమ్మన్నాడు.

గేటు దగ్గర బండి తిప్పాలి.
ఒక పక్క టీ బండి, ఒక పక్క కాలవ.
ఫలితం అడక్కుండా దాలినాయుడు
పంచె పైకి కట్టి, వెనక్కి నడిచాడు.
లారీ చప్పుడుని మించి కేకేసే ఆ గొంతు
సన్నగా, కొత్తగా, సిగ్గుపడుతూ,
"రానీ..."

డాలా మీద ఒక దెబ్బ.
వింటూనే
అద్దం కూడా చూశాను.